సర్కారుకు కాచి పంపిన నీళ్ళు

పెద్దనాయన తెచ్చి ఇచ్చిన సీసా నా చేతికి గోరువెచ్చగా తగిలింది. ఎందుకని నేను అప్పుడే అడిగి ఉండవలసింది. బయట ఎండ మండుతోంది, గని కూలీల ఇళ్ళ లైన్ల నుంచి మా ల్యాబు దాకా నడిచి వచ్చాడు, అందుకే వేడెక్కి ఉంటుందిలే అనుకున్నాను. సీసాకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొత్త తువ్వాలులో చుట్టి తెచ్చాడు. రెండు చేతులతో ఇచ్చాడు. నేనూ రెండు చేతులతో తీసుకున్నాను. తీర్థం తీసుకునేటప్పుడు ప్రశ్నలు అడగం కదా, అలాగే ఏమీ అడగలేదు.

ఆయన నాకు సొంత పెద్దనాయన కాదు. మా నాన్నా ఆయనా ఒకే షిఫ్టులో గనిలోకి దిగేవాళ్ళు. ఇద్దరి తండ్రులూ చిత్తూరు వైపు పల్లెల నుంచి బతుకుతెరువుకు ఈ బంగారు గనుల ఊరికి వచ్చినవాళ్ళే. నాకు ఏడేళ్ళప్పుడు నాన్న పోయాడు. ఆ తర్వాత ప్రతి శనివారం సాయంత్రం ఆయన మా గుమ్మం ముందు నిలబడి, "పాపా, రెడీనా?" అని పిలిచి, నా చెయ్యి పట్టుకుని లైను చివర ఉన్న భజన మందిరానికి తీసుకుపోయేవాడు. బడిలో కన్నడం, వీధిలో తమిళం. నాకు తెలుగు అక్షరాలు వచ్చింది ఆ మందిరంలోనే. పురాణం పుస్తకం ఒళ్ళో పెట్టి, నా వేలు పట్టుకుని అక్షరం కింద ఆనించేవాడు.

"వేలు ముందు పోకూడదు, నోరు ముందు పోకూడదు. రెండూ జతగా నడవాల పాపా" అనేవాడు. నేను తొందరపడి చదవని మాట పలికితే, వేలును వెనక్కి లాగి మళ్ళీ మొదటి నుంచి నడిపించేవాడు. కోప్పడేవాడు కాదు. ఈనాటికీ నేను పారాయణ చేస్తే వేలు అక్షరం కిందే ఉంటుంది.

నేను పని చేసే ల్యాబు తెల్లదొరల కాలంలో కట్టినది. గనులు నడిచే రోజుల్లో లైన్లలో కలరా, ప్లేగు అంటే అందరికీ వణుకు. ఆ జబ్బుల పురుగులను వెతికి పట్టుకోవడానికే ఆ సర్కారు ఈ రాతి కట్టడం కట్టింది. గోడలు మూరెడు మందం. టేకు అలమారలు, అద్దాల పెట్టెలో ఇత్తడి మైక్రోస్కోపు, వరండాలో ఇప్పుడు ఎవరూ వాడని రాగి బాయిలరు. గనులు మూతపడినా ల్యాబు మూతపడలేదు. ఇప్పుడు మాకు వచ్చేది ఎక్కువగా నీళ్ళే. ఊరి కొళాయిల నీళ్ళు, హాస్టళ్ళ ట్యాంకు నీళ్ళు, బేతమంగళ, బూదికోట వైపు పల్లెల బోరు నీళ్ళు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ నీళ్ళతోనే నా పొద్దు గడుస్తోంది.

పని ఇలా ఉంటుంది. పాలలో ఉండే చక్కెర, పిత్తపు ఉప్పు, కొంచెం ఊదా రంగు కలిపి ఒక రసం తయారు చేస్తాను. దాన్ని గాజు గొట్టాల్లో పోసి, ఒక్కో దాంట్లో చిటికెన వేలంత చిన్న గొట్టం బోర్లించి, మూతికి దూది బిరడా పెట్టి, ఆవిరిలో ఉడికిస్తాను. చల్లారాక తెచ్చిన నీళ్ళు కొలిచి అందులో పోసి, మనిషి ఒంటి వేడి ఉండే అలమారలో పెట్టేస్తాను. నీళ్ళు మంచివైతే రెండు రోజులైనా రసం ఊదా రంగులోనే ఉంటుంది. నీళ్ళలో మురికి పురుగు ఉంటే ఒక్క రోజుకే పసుపు తిరుగుతుంది, బోర్లించిన చిన్న గొట్టంలో గాలి బుడగ నిలుస్తుంది.

నీళ్ళు దేవత అని చదువుకున్నదాన్ని నేను. స్నానం చేసేటప్పుడు నదుల పేర్లు తలుచుకోకుండా ఒక చెంబు ఒంటిమీద పోసుకోను. ఆ నీళ్ళలోనే పురుగులు వెతికే పని ఎలా చేస్తావమ్మా అని మందిరంలో కొందరు అడిగేవారు. నాకు ఆ రెండిటికీ ఎప్పుడూ పేచీ రాలేదు. కంటికి కనిపించనిది ఉంటుందని నమ్మడం నాకు మందిరంలోనే అలవాటైంది. ల్యాబులో ఆ అలవాటుకు ఒక మైక్రోస్కోపు తోడైంది, అంతే.

ఆ సంవత్సరం లైన్లలో చాలామందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అందుకని శ్రీరామనవమికి పానకం, మజ్జిగ పంచేవాళ్ళు నీళ్ళ రిపోర్టు తెచ్చుకోవాలని ఊరి ఆఫీసువాళ్ళు చెప్పారు. మా మందిరం పానకం ఆవరణలోని బావి నీళ్ళతోనే చేస్తారు. ఆ బావి మామూలు బావి కాదు. గనిలో షిఫ్టు దిగి పైకి వచ్చాక, ఒంటి మీద మట్టి కడుక్కోకుండానే మా తాతల కాలం వాళ్ళు వంతులు వేసుకుని తవ్వుకున్న బావి. వాళ్ళలో పెద్దనాయన తండ్రి ఒకడు. జీవితమంతా ఇతరుల కోసం బంగారం తవ్వినవాళ్ళు తమ కోసం తవ్వుకున్నది అదొక్కటే. దానికి ఇప్పుడు ఇనుప మూత, మోటరు, ఒక ఇత్తడి కొళాయి ఉన్నాయి. నలభై ఏళ్ళుగా నవమి పానకానికి ఆ నీళ్ళు పట్టేది పెద్దనాయన ఒక్కడే. ఇంకొకరి చెయ్యి పడనివ్వడు.

మామూలుగా అయితే మా ల్యాబువాళ్ళే వెళ్ళి నీళ్ళు పట్టుకొస్తారు. కానీ ఆయన ల్యాబుకు వచ్చి, "సీసా ఇయ్యి పాపా, నేనే తెస్తాను" అన్నాడు. ఇచ్చాను. కొళాయి మూతి ఎలా కాల్చాలి, సీసా ఎలా పట్టుకోవాలి, ఏం చేయకూడదు అని ప్రతి ఒక్కరికీ చెప్పే మాటలు ఆయనకు చెప్పలేకపోయాను. నాకు అక్షరాలు నేర్పిన మనిషికి నీళ్ళు పట్టడం నేను నేర్పడమా అనిపించింది.

మా నీళ్ళ రిజిస్టరులో దొరల కాలం నుంచీ ఒక గడి ఉంది. నీళ్ళు ఎవరు పట్టారు, ఎలా పట్టారు అని. ఆయన సీసా తెచ్చిన రోజు ఆ గడిలో ఆయన పేరు రాసి, పక్కన "నియమం ప్రకారం" అని రాసేశాను. నా నోరు వేలుకంటే ముందు పోయింది.

రెండు రోజులైనా గొట్టాలన్నీ ఊదా రంగులోనే ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కటి తిరగలేదు. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. మా ఆఫీసరు మేడం మాలూరు నుంచి రోజూ రైల్లో వస్తుంది. నా కూతురి వయసు ఉంటుంది. ఆమె చూసి, "అబ్బ, మీ బావి నీళ్ళు బాటిల్ వాటర్ కన్నా చెన్నాగిదె, బాగున్నాయి కదమ్మా" అని నవ్వుతూ సంతకం పెట్టింది. త్రాగడానికి యోగ్యం అని ముద్ర వేసి రిపోర్టు ఇచ్చాము.

శనివారం భజనలో పెద్దనాయన ఆ కాగితాన్ని హారతి పళ్ళెంలో పెట్టి స్వామి ముందు ఉంచాడు. హారతి అయ్యాక అందరి వైపు తిరిగాడు.

"మన తాతల బావిలో దోషం లేదంట. సర్కారే రాసిచ్చింది!"

గోవిందా అని అందరూ గట్టిగా అన్నారు. నేనూ అన్నాను. పానకానికి బెల్లం కొట్టే అవ్వ ఒకామె ఉంది. మందిరం వెనకే ఇల్లు. పెద్దనాయనను మాటల్తో గిల్లకపోతే ఆమెకు పొద్దుపోదు.

"దోషం యాడుంటాదిలే" అంది ఆమె, తాంబూలం నములుతూ. "ఆ పొద్దు నా పొయ్యికాడి కట్టెలన్నీ ఊడ్చి కాచినావు కదప్పా. నాకు రెండు దినాలు ఉప్మాకు కూడా కట్టె లేదు."

"ఊరుకోవే" అన్నాడాయన. "సర్కారుకు ఎవరైనా పచ్చినీళ్ళు పంపుతారా?"

అందరూ నవ్వారు. నేను చేతిలోని భజన తాళాలు కింద పెట్టాను. పక్కకు పోయి అడిగాను.

"పెద్దనాయనా, ఆ సీసాలోవి కాచిన నీళ్ళా?"

"కాచకుండానా? బట్టలో వడగట్టి, మూడు పొంగులు రానిచ్చి, మూతపెట్టి చల్లార్చినాను. సీసాను కూడా సలసల కాగే నీళ్ళతో కడిగినాను." గర్వంగా చెప్పాడు. "నీకు మాట రాకూడదు కదా పాపా. పెద్ద డాక్టరమ్మ చూసే నీళ్ళు అవి. ఇంటికి పెద్దమనిషి వస్తే పచ్చినీళ్ళు ఇస్తామా మనం?"

ఇవ్వం. అది నిజమే. మా లైన్లలో ఇంటివాళ్ళు కొళాయి నీళ్ళు అలాగే తాగుతారు. చుట్టం వస్తే మాత్రం కాచి, జీలకర్ర వేసి, గ్లాసు మీద మూతపెట్టి ఇస్తారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే. ఆ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో మా పాత కాగితాలు చదివాకే నాకు తెలిసింది. కలరా రోజుల్లో మా ల్యాబు నుంచే మనుషులు వెళ్ళి, నీళ్ళు కాచి తాగండి అని లైను లైనుకూ చాటింపు వేసేవారట. కాలం గడిచి భయం పోయింది, కాచడం మాత్రం మర్యాదగా మిగిలిపోయింది. ఆ మర్యాదే ఇప్పుడు ఒక సీసాలో కూర్చుని మా ల్యాబుకు తిరిగి వచ్చింది. పెద్దనాయన అబద్ధం ఆడలేదు. ఉన్న దాంట్లో మంచివి పంపాడు.

నవమి గురువారం. చేతిలో నాలుగు రోజులే ఉన్నాయి.

ఆదివారం పూజలో కూర్చున్నాను కానీ పెదవులు కదిలాయే తప్ప మనసు నిలవలేదు. పుట్టినప్పటి నుంచి ఆ నీళ్ళు తాగుతున్నాం, ఎవరికి ఏమైంది అని నాకు నేనే చెప్పుకున్నాను. రిపోర్టు మీద ముద్ర పడిపోయింది, ఎవరూ అడగరు అనుకున్నాను. ఇంకోసారి పరీక్ష చేసి అది చెడ్డగా వస్తే, ఎనభై దాటిన మనిషి ఏమైపోతాడో అనుకున్నాను. మళ్ళీ లైన్లలో మంచం పట్టినవాళ్ళు గుర్తుకు వచ్చారు. పానకం తాగడానికి ముందు వరసలో నిలబడేది చిన్నపిల్లలు. స్వామి పేరు చెప్పి వాళ్ళ చేతికి నేను ఏమి ఇవ్వబోతున్నానో నాకే తెలియదు. తెలుసుకునే దారి నాకు తెలిసి కూడా ఊరుకుంటే, ఇన్నేళ్ళు చేసిన పారాయణ దేనికి? లేచి, దీపం కొండెక్కకుండా నూనె పోసి, నిశ్చయం చేసుకున్నాను.

సోమవారం పొద్దున మేడం రైలు దిగి వచ్చేసరికి రిజిస్టరు తెరిచి ఆమె బల్ల మీద పెట్టాను.

"ఏనాయ్తమ్మా, ఏమైంది? ముఖం అట్లా ఉంది, ఊట చెయ్యలేదా?" అంది. కన్నడం, తెలుగు కలిపి మాట్లాడటం ఆమెకు అలవాటు, ఊట అంటే భోజనం.

జరిగింది జరిగినట్టు చెప్పాను. నేను అడగకుండానే నియమం ప్రకారం అని రాశానని కూడా చెప్పాను. మెమో ఇస్తుందనుకున్నాను. ఆమె ఆ గడి చదివింది. తర్వాత ఆఫీసు కాపీ తీసి, తన సంతకం మీద తనే అడ్డంగా గీత గీసి రద్దు అని రాసింది.

"నేనూ అడగలేదు కదమ్మా" అంది. "గొట్టాలన్నీ అంత క్లీన్‌గా ఉంటే అనుమానం నాకు రావాల. మీరే వెళ్ళి పట్టుకురండి. ఇప్పుడే."

మందిరం చేరేసరికి పెద్దనాయన ఆవరణ ఊడుస్తున్నాడు. అవ్వ అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నేను సంచి దించి, చేతులు సబ్బుతో కడుక్కుని, కొళాయి తుడిచి, కాసేపు నీళ్ళు వదిలి, కట్టేశాను. స్పిరిట్‌లో తడిపిన దూదిని పట్టకారుతో పట్టుకుని వెలిగించి, కొళాయి మూతి చుట్టూ తిప్పాను. ఆ మంట చూడగానే పెద్దనాయన చీపురు కింద పెట్టి, చేతులు జోడించి, కళ్ళు మూసుకున్నాడు.

"గంట కొట్టేదా?" అంది అవ్వ.

"హారతి కాదు పెద్దనాయనా" అన్నాను. "కొళాయి మూతికి ఏమైనా అంటుకుని ఉంటే కాలిపోవాలని."

"హారతీ అందుకే కదమ్మా" అన్నాడు ఆయన కళ్ళు తెరవకుండానే.

నీళ్ళు మళ్ళీ వదిలి, సీసా మూతి దేనికీ తగలకుండా పట్టి, బిరడా పెట్టి, కాగితం కప్పి కట్టాను. ఐస్ డబ్బాలో పెట్టాక, ఆయన పక్కన కూర్చుని ఎందుకు వచ్చానో చెప్పాను. చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. కాచితే పురుగు చచ్చిపోతుంది, బావిలో ఏముందో తెలియాలంటే బావిలో ఉన్నది ఉన్నట్టు రావాలి అన్నాను. ఆయన చేతిలో చీపురు పుల్ల ఒకటి ఉంది, దాన్ని చిన్న చిన్న ముక్కలు చేస్తూ విన్నాడు.

"అయితే నేను సర్కారుకు అబద్ధం పంపినానా పాపా?"

"లేదు పెద్దనాయనా. తప్పు నాది. ఎట్లా పట్టాలో నీకు చెప్పాల్సింది, చెప్పలేదు. ఎట్లా పట్టినావని అడగాల్సింది, అడగలేదు."

"ఎందుకు అడగలేదు?"

"నిన్ను ఎట్లా అడిగేది?"

ఆయన నా వైపు చూశాడు. ఇంత పెద్దదాన్నయ్యాక కూడా ఆ చూపు ముందు నేను రెండు జడలు వేసుకున్న పిల్లనే.

"చదివేటప్పుడు నీ వేలు జారితే నేను వెనక్కి లాగలేదా? నాది జారితే నువ్వు లాగాల. అంతే కదా నేర్పింది" అన్నాడు. తర్వాత బావి వైపు చూస్తూ, గొంతు తగ్గించి అన్నాడు. "కానీ పాపా, బావికి దోషం అంటే, మా నాయనకు దోషం అన్నట్టే ఉండాది నాకు."

మంగళవారం పొద్దున అలమారా తలుపు తీసే ముందు స్వామిని తలుచుకున్నాను. ఏమి కోరుకోవాలో తెలియక, ఉన్నది చూసే ధైర్యం ఇవ్వమని మాత్రమే అడిగాను. తలుపు తీశాను. వరసగా పెట్టిన గొట్టాలన్నీ పసుపు తిరిగి ఉన్నాయి. బోర్లించిన ప్రతి చిన్న గొట్టంలోనూ గాలి బుడగ. మేడం వచ్చి చూసి, నా భుజం మీద చెయ్యి వేసింది.

"పూర్తిగా తేల్చడానికి ఇంకో దినం పడుతుంది. కానీ తాగేదానికి వద్దు అని ఈ పొద్దే చెప్పేయండి" అంది.

వెళ్ళే ముందు ఒక ఆలోచన వచ్చింది. టేకు అలమారలో అట్టలు ఊడిపోయిన పాత రిజిస్టర్లు ఉన్నాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో వాటిని చదివేదాన్ని. ఎవరో గుమాస్తా, ఇక్కడివాడే అయి ఉంటాడు, ఆ గడిని ఒక్కసారి కూడా ఖాళీగా వదలలేదు. వాన వెలిసిన వెంటనే పట్టినవి, గుమ్మం దగ్గరి కుండలోంచి ముంచినవి, ఇంటి ఇల్లాలు ఇష్టం లేకుండా ఇచ్చినవి, ఇలా ఉన్నది ఉన్నట్టు రాసి పెట్టాడు. దొరల ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు, కానీ ఆ గడిలో మాత్రం తలవంచలేదు. మధ్యాహ్నం దాకా పేజీలు తిప్పాను. దొరికింది. కూలీలు కొత్తగా తవ్వుకున్న బావి, భజన మందిరం ఆవరణ. పట్టినది తవ్వినవాళ్ళే, తాడు కట్టిన సీసాతో, నేరుగా బావిలోంచి. చివరి గడిలో ఒకటే మాట. మంచివి.

రిజిస్టరు బయటికి తీసుకుపోకూడదు. ఫోనులో ఫోటో తీసుకున్నాను.

సాయంత్రం ఎండ తగ్గాక మందిరానికి వెళ్ళాను. ముందు చెడ్డ కబురే చెప్పాను. నీళ్ళు బాగాలేవు పెద్దనాయనా, పానకానికి పనికిరావు అన్నాను. ఆయన తల ఊపాడు. బావి ఇనుప మూత మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు, జ్వరం చూసినట్టు.

అప్పుడు ఫోటో చూపించాను. ఇంగ్లీషు ఆయనకు కొంచెం కొంచెం వచ్చు, గనిలో నేర్చుకున్నది. అలవాటు కొద్దీ అక్షరం కింద వేలు పెట్టాడు. పెట్టగానే ఫోటో పక్కకు జారిపోయింది. మళ్ళీ పెట్టాడు. ఈసారి పైకి పోయింది.

"ఇదేందమ్మా, వేలు పెడితే పారిపోతా ఉండాది!"

"నువ్వు పెట్టొద్దు, నేను చదువుతాను" అని ఫోను మెట్టు మీద పెట్టి, తాకీ తాకకుండా పైన వేలు నడిపిస్తూ ఒక్కో మాటా చదివి తెలుగులో చెప్పాను. తవ్వినవాళ్ళే అనే చోట ఆగమన్నాడు.

"పేరు రాసుండారా?"

"లేదు. తవ్వినవాళ్ళే అని ఉంది."

"చాలు" అన్నాడు. "మా నాయన అందులో ఉండాడు." కళ్ళు తుడుచుకున్నాడు. "అయితే ఆయన తవ్వినప్పుడు మంచివే."

"మంచివే. తర్వాత చెడినాయి. అటు పక్క మురుగు కాలవ పగిలి ఉంది, చూడు. అదే దిగుతా ఉండొచ్చని మా మేడం అంటోంది."

ఈలోగా నవమి పనుల కోసం నలుగురూ చేరారు. సంగతి తెలిసి ఒకాయన, "సామికి నైవేద్యం పెట్టినాక ఇంగ దోషం యాడుంటాది?" అన్నాడు. అందరూ పెద్దనాయన వైపు చూశారు. నిజానికి ఆ మాట నా మనసులోనూ ఆదివారం నాడు తిరిగింది.

పెద్దనాయన ఆయన వైపు తిరిగాడు. "నైవేద్యం వండేముందు బియ్యంలో రాళ్ళు ఏరతామా లేదా? సామి చూసుకుంటాడులే అని రాళ్ళతోనే వండుతామా?"

పెద్దనాయన లేచి నిలబడి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ముఖం తెలీని సర్కారుకు కాచి పంపినాను. నా సామి బిడ్డలకు పచ్చినీళ్ళు పోస్తానా? మొత్తం కాచాల. అండాలు దించండి."

"మళ్ళీ నా కట్టెలేనా?" అంది అవ్వ.

"నీ కట్టెలే. వైకుంఠంలో నీకు సగం చోటు ఇస్తాలే."

"నీ పక్కన అయితే వద్దు. అక్కడ కూడా పాడతావు."

బుధవారం నేను సెలవు పెట్టాను. తెల్లవారగానే ఆవరణలో మూడు పొయ్యిలు వెలిగాయి. అన్నం వండే అండాలనే తోమి బావి నీళ్ళే పోశాము. మూడు పొంగులు చూడందే ఏ అండానూ దించనివ్వలేదు పెద్దనాయన. పొగకు కళ్ళు ఎర్రబడ్డాయి, అయినా పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. చల్లారే నీళ్ళ మీద ఉతికి కాచిన బట్ట కట్టాము. చెంబు ముంచకూడదు, పొడుగు కాడ గరిటెతోనే తీయాలి, పంచేవాళ్ళు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చెప్పాల్సినవన్నీ ఈసారి చెప్పాను. నేను చెప్పింది చెప్పినట్టు ఆయన వెనక నుంచి గట్టిగా అందరికీ మళ్ళీ చెప్పాడు, నేను ఒక వరుస చదివితే ఆయన అర్థం చెబుతున్నట్టు. పారాయణలో అన్నేళ్ళూ ముందు ఆయన చెప్పేవాడు, వెనక నేను పలికేదాన్ని.

గురువారం పానకం పంచాము. మిరియాల ఘాటు, ఏలకుల వాసన, ఎప్పటిలాగే. ముందు వరసలో పిల్లలే. ఒక పాప రెండోసారి వచ్చి, మూతి తుడుచుకుని, ముందు ఒకసారి రానట్టు ముఖం పెట్టింది. పెద్దనాయన కూడా చూడనట్టు ముఖం పెట్టి పోశాడు. ఆ వారం రోజులూ నేను పొద్దున లేవగానే లైన్లలో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని కనుక్కునేదాన్ని. పానకం తాగి మంచం పట్టినవాళ్ళు ఎవరూ లేరు.

మురుగు కాలవ బాగు చేయడానికి రెండు నెలలు పట్టింది. పెద్దనాయన రోజూ ఊరి ఆఫీసుకు పోయి కూర్చుంటే తప్ప ఆ పని కదలలేదు. తర్వాత బావి తోడించి, బ్లీచింగ్ పౌడరు వేయించి, ఆ వాసన పూర్తిగా పోయేదాకా ఆగాము. అప్పుడు ఆయన మళ్ళీ ల్యాబుకు వచ్చి సీసా అడిగాడు. మేము పట్టుకొస్తాములే అంటే వినలేదు. ఈసారి ఎదురుగా కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. బడిపిల్లాడిలా తిరిగి అప్పజెప్పాడు.

మర్నాడు తెచ్చాడు. సీసాకు పసుపు లేదు, కుంకుమ లేదు. ఐస్ డబ్బాలో నిలువుగా, చల్లగా ఉంది. నేను రిజిస్టరు తెరిచి, ఆ గడి మీద కలం ఆనించి, అడిగాను.

"ఎవరు పట్టినారు?"

"నేనే."

"ఎట్లా పట్టినారు?"

ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు సగం మూసి, పారాయణ గొంతుతో మొదలుపెట్టాడు. చేతులు సబ్బుతో కడిగినాను. కొళాయి తుడిచి నీళ్ళు వదిలినాను. స్పిరిట్ దూది వెలిగించి మూతి చుట్టూ తిప్పినాను. మళ్ళీ వదిలినాను. సీసా లోపల వేలు పెట్టలేదు. కడగలేదు. కాచలేదు. అక్కడ ఆగి నా వైపు చూశాడు.

"కాచలేదు అని కూడా రాయి పాపా."

రాశాను. ఆయన మాట ముందు నడిచింది, నా కలం దాని వెంటే నడిచింది. గడి చాలక పక్క అంచులోకి కూడా పోయింది. పని అయిపోయిందనుకుని లేచాను. ఆయన సంచిలోంచి ఇంకో సీసా తీసి బల్ల మీద పెట్టాడు. అది మా సీసా కాదు, ఇంటి నుంచి తెచ్చినది. మూతకు గుడ్డ కట్టి ఉంది. ముట్టుకుంటే గోరువెచ్చగా తగిలింది. లోపల జీలకర్ర.

"ఇది టెస్టుకు కాదు" అన్నాడు. "మీ డాక్టరమ్మకు. మాలూరు నుంచి రైల్లో వస్తాదంట కదా, దప్పికగా ఉంటాది."

మేడం ఆ నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, ఇంకో గ్లాసు అడిగింది. రెండు రోజుల తర్వాత అలమారా తలుపు తీశాను. గొట్టాలన్నీ ఊదా రంగులోనే ఉన్నాయి.